మొదటి సగం ఎవరు చెప్పాలి?

పిల్లలకు జపం నేర్పేదెవరు? క్యాథలిక్ ఇళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. అమ్మ. లేదంటే నానమ్మో, అమ్మమ్మో. గోరుముద్దలు తినిపించినంత మామూలుగా సిలువ గుర్తు వేయడం నేర్పేస్తారు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుజ్జి చేయి పట్టుకుని... నుదురు, ఛాతీ, ఎడమ భుజం, కుడి భుజం. అంతే! ఎప్పుడు నేర్చుకున్నామో, ఎవరు నేర్పారో పెద్దయ్యాక ఎవరికీ గుర్తుండదు.

విజయవాడలో ఓ ఇంట్లో మాత్రం కథ కాస్త అడ్డం తిరిగింది. అక్కడ నేర్పాల్సిన అమ్మకే జపం రాదు.

ఆమె పుట్టిల్లు తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. తులసికోటలో దీపం వెలిగితేగానీ పొయ్యి వెలగని ఇల్లు. మెట్టినిల్లు గుంటూరు జిల్లా ఫిరంగిపురం. ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. బాలయేసు దేవాలయం, కొండమీద కార్మెల్ మాత, ఏటా జులై 16న తిరునాళ్ళు, ఏ వీధిలోకి వెళ్ళి పిలిచినా పలికే రాయప్పలు, చిన్నప్పలు, జోజప్పలు. క్రైస్తవం ఆ ఊళ్ళో నిన్నమొన్న వచ్చింది కాదు, తాతముత్తాతల నాటిది. గుంటూరులో కాలేజీ రోజుల పరిచయం 2013లో పెళ్ళి దాకా వచ్చింది. ఆమె పేరుతో ఇక్కడ పనిలేదు. అలాంటి అమ్మలు మన చుట్టూ ఇంకా ఉన్నారు.

క్యాథలిక్కులు వేరే మతం వాళ్ళను గుడిలో పెళ్ళాడాలంటే పీఠాధిపతి అనుమతి కావాలి. దానికి ముందు ఓ మాట ఇవ్వాలి. పుట్టబోయే పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించి, ఆ విశ్వాసంలోనే పెంచడానికి శక్తికొద్దీ ప్రయత్నిస్తానని. 1983లో వచ్చిన చర్చి ధర్మశాస్త్రం ప్రకారం ఈ మాట ఇవ్వాల్సింది క్యాథలిక్ అయినవాళ్ళు మాత్రమే. అవతలివాళ్ళు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇలా మాటిచ్చారన్న సంగతి వాళ్ళకు తెలిస్తే చాలు. ఫాదర్ గారి బల్ల ముందు ఆయన సంతకం పెట్టాడు. పక్క కుర్చీలో కూర్చుని ఆమె చూసింది. సంతకం ఆయనది, చాకిరీ తనది అవుతుందని అప్పుడామెకు తెలీదు.

ఎందుకంటే ఆయన రైల్వేలో లోకో పైలట్. సాయంత్రం బండెక్కితే అర్ధరాత్రికి గూడూరు. అక్కడి రన్నింగ్ రూంలో కునుకుతీసి మళ్ళీ ఇంకో బండి పట్టుకుని వెనక్కి. ఇంటికొచ్చేసరికి పిల్లలు బడికి పోయుంటారు, లేదా నిద్రపోయుంటారు. బండి నడిపేటప్పుడు సెల్‌ఫోన్ ఆపేయాలి కాబట్టి ఫోన్లో పలకరింపులూ ఉండవు. పొద్దంతా ఓ బట్టల దుకాణంలో లెక్కలు రాసి, సాయంత్రం పిల్లల్ని చూసుకునేది ఆమే. క్యాథలిక్ ఇళ్ళలో జపం చెప్పుకునేదేమో సరిగ్గా సాయంత్రమే!

మొదట్లో పెద్ద ఇబ్బందేం రాలేదు. 2015లో పాప పుట్టింది. మూడేళ్ళు రాగానే సిలువ గుర్తు నేర్పాలి కదా అని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తను ఎలా చేస్తే అలా చేయమంది. వారం తిరక్కుండానే పాప నేర్చేసుకుంది. ఫిరంగిపురం వెళ్ళినప్పుడు గర్వంగా నానమ్మ ముందు నిలబెడితే, పెద్దావిడ నవ్వాపుకోలేకపోయింది. పాప ఎడంచేత్తో వేస్తోంది! అద్దంలో బొమ్మలా అమ్మను చూసి నేర్చుకుందిగా మరి. 'ఎదురుగా కూర్చుంటే ఇంతేనమ్మాయ్, పక్కన కూర్చుని నేర్పాలి' అంది అత్తగారు. అప్పటికి ముగ్గురిని పెంచి, ఎనిమిదిమంది మనవలకు నేర్పిన చేయి అది.

మూడేళ్ళ తేడాతో బాబు. వాడిది ఇంకో తరహా. అక్కలా చేతులు చూసి నేర్చుకోడు, చెవితో నేర్చుకుంటాడు. చెవికి ఏది వినిపిస్తే అదే వాడి జపం. పిత, పుత్ర దాకా బాగానే ఉండేది. 'పవిత్రాత్మ' దగ్గరికొచ్చేసరికి 'పవిత్ర అత్తమ్మ' అయిపోయేది. అమ్మ రోజూ ఫోన్లో 'అత్తమ్మా' అని పిలిచే నానమ్మ పేరు జపంలో రావడంలో వాడికే అనుమానమూ కనిపించలేదు. పడుకునేముందు తోడుండమని వేడుకునే కావలి సన్మనస్కుడి సంగతీ అంతే. సన్మనస్కుడంటే దేవదూత, కావలి అంటే కాపలా. వాడికి తెలిసిన కావలి మాత్రం నెల్లూరుకు ముందొచ్చే స్టేషను. 'నాన్న బండి ఆపినప్పుడు ఆయన ఎక్కుతాడా అమ్మా?' అని అడిగితే, ఎక్కుతాడనే చెప్పింది. నాన్న క్షేమంగా రావడానికి ఆ మాత్రం తోడు ఉంటే మంచిదేగా అనుకుంది.

ఇలా నవ్వుకుంటూ గడిచిపోతున్న చోట జపమాల వచ్చింది.

జపమాలలో 59 పూసలుంటాయి. అందులో 53 మంగళవార్త జపానికి, ఆరు పరలోక జపానికి. పదేసి మంగళవార్తలు ఓ గుత్తి. ఒక్కో గుత్తికి క్రీస్తు జీవితంలోంచీ మరియమ్మ జీవితంలోంచీ ఒక్కో ఘట్టం తలచుకుంటారు. వాటిని దేవ రహస్యాలంటారు. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు. గురువారానికి వెలుగు రహస్యాలు. ఈ చివరివి 2002లో రెండో జాన్‌పాల్ పోపు చేర్చినవి. అందుకే ముసలివాళ్ళు గురువారం వస్తే కాస్త తడుముకుంటారు. మొత్తం చెప్పుకోవడానికి ఇరవై నిమిషాలు. పెద్దవాళ్ళకు ఇరవై నిమిషాలు. నాలుగేళ్ళ పిల్లాడికి అదో యుగం.

మంగళవార్త జపంలో ఒక ఏర్పాటుంది. దాన్ని ఒక్కరే మొత్తం చెప్పరు. నడిపించేవాళ్ళు మొదటి సగం చెబితే, మిగతావాళ్ళు రెండో సగం అందుకుంటారు. మన భజనల్లో ఒకరు పాడితే అందరూ అందుకున్నట్టు. కాబట్టి పిల్లలకు ముందు వచ్చేది రెండో సగమే. బాబుకైతే చాలాకాలం జపమంటే ఆ సగమేననుకునేవాడు. మరి నాన్న లేని ఇంట్లో మొదటి సగం ఎవరు చెప్పాలి?

నానమ్మే దారి కనిపెట్టింది. రోజూ ఏడున్నరకు ఫిరంగిపురం నుంచి ఫోన్. ఇక్కడ సెల్‌ఫోన్ స్పీకర్ ఆన్ చేసి తిరుహృదయం పటం కింద, కొవ్వొత్తి పక్కన పెట్టేవారు. అక్కణ్ణుంచి నానమ్మ మొదటి సగం, ఇక్కణ్ణుంచి పిల్లలు రెండో సగం. ఫోన్లో మాట అందడానికి క్షణం ఆలస్యమవుతుందిగా... వీళ్ళ 'ఆమెన్' ఆమెకు చేరేలోపే నానమ్మ తర్వాతి పూసకు వెళ్ళిపోయేది. పిల్లలు పరుగెత్తేవాళ్ళు. కోడలు వంటింట్లో పప్పుకు పోపు పెట్టుకుంటూ వినేది. ఆమెను రమ్మని పెద్దావిడ ఎప్పుడూ పిలవలేదు. పిలవకపోవడమే ఆ ఇంట్లో ఆమెకు దక్కిన పెద్ద మర్యాద.

2021లో, వానాకాలం. ఫిరంగిపురంలో కరెంటు పోయి పొద్దుట్నుంచీ లేదు. మూడో రహస్యం ఏడో పూస దగ్గర నానమ్మ ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. పిల్లలిద్దరూ రెండో సగం చెప్పేసి, మోకాళ్ళమీద అలాగే కూర్చున్నారు. ఎనిమిదో పూస వేళ్ళ మధ్య పట్టుకుని ఎదురుచూస్తున్నారు. 'అమ్మా, నువ్వు చెప్పు' అంది పాప.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పుస్తకం కోసం చూసింది. అవసరం పడలేదు. అన్నేళ్ళు పోపుగింజల చిటపటల మధ్య విన్నది కదా, నోటికి తనంతట తనే వచ్చేసింది. మిగిలిన 23 పూసలూ ఆమే నడిపించింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తప్పు చేసినట్టా, ఒప్పు చేసినట్టా? తర్వాత నెమ్మదిగా తనకు తనే ఓ సర్దుబాటు చెప్పుకుంది. మొదటి సగంలో ఉన్నదంతా పలకరింపే. లూకా సువార్తలో గబ్రియేలు దూత మరియమ్మతో అన్న మాటలు, చుట్టం ఎలిజబెతమ్మ ఆమెను మెచ్చుకుంటూ అన్న మాటలు. అడగడమంటూ ఏమీ లేదు. ఓ తల్లికి నమస్కారం చెప్పడంలో తప్పేముంది? రెండో సగం వేరు. అది తర్వాతి కాలంలో చేరింది. ఇప్పుడు చెప్పుకుంటున్న రూపం 1568లో ఖాయమైంది. అందులో అడగడం ఉంది. పాపులమైన మా కోసం ప్రార్థించమని, ఇప్పుడూ, చనిపోయేటప్పుడూ. ఆ 'మా'లో తను ఉందో లేదో ఆమెకే తెలీదు. కాబట్టి మొదటి సగం తనది, రెండో సగం పిల్లలది. ఈ పంపకం ఆమెకు బాగానే కుదిరింది. నానమ్మ ఫోన్ అందని రోజుల్లో అలాగే నడిచిపోయేది.

మాటలు ఆమెకు కొత్తగా అనిపించకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. జపం, వరప్రసాదం, విభూది, తిరునాళ్ళు... పుట్టింట్లో విన్నవే సగం. తెలుగు క్యాథలిక్కులు దేవుణ్ని సర్వేశ్వరుడంటారు. చర్చిని గుడి అంటారు. ఫాదర్లను గురువులంటారు. పదిహేడో శతాబ్దంలో మధుర కేంద్రంగా పనిచేసిన రాబర్ట్ డి నొబిలి లాంటి ఇటలీ గురువులు సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకుని, ఇక్కడి మాటల్లోనే తమ మతాన్ని చెప్పే దారి వేశారు. తమిళనాడు వైపునుంచే రాయప్ప (పీటర్), చిన్నప్ప (పాల్), అరుళప్ప (జాన్) లాంటి పేర్లూ మనకొచ్చాయి. చదువుకున్న పిల్లలకు ఇప్పుడీ మాటలు పాతబడ్డట్టు అనిపిస్తాయి. ఇంగ్లీషు మీడియంలో చదివే పాపకు 'సన్మనస్కుడు' కంటే 'ఏంజెల్' దగ్గర. కానీ తెనాలి నుంచి వచ్చిన కోడలికి ఆ పాత మాటలే వాకిలి తీసి పెట్టాయి.

తెనాలిలో మాత్రం వాకిలి అంత తేలిగ్గా తెరుచుకోలేదు.

పెళ్ళయిన రెండేళ్ళ దాకా ఆమె తల్లి కూతురి గడప తొక్కలేదు. పాప పుట్టాక మనసాగలేదు, వచ్చింది. పురుడు పోసింది. ఆ తర్వాత సెలవులకు పిల్లలు అమ్మమ్మ ఊరెళ్ళడం మొదలైంది. నాలుగేళ్ళప్పుడు కాబోలు, విస్తరి ముందు కూర్చున్న పాప అన్నం ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని, సిలువ గుర్తు వేసుకుని, భోజనానికి ముందు చెప్పే జపం గడగడా చెప్పేసింది. నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ ఏమీ అనలేదు. గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కూతురు వెళ్ళి చూస్తే, బావి గట్టున కూర్చుని ఉంది.

'గుణదల నువ్వూ వెళ్ళావు కదమ్మా' అంది కూతురు. నిజమే. పెళ్ళయిన కొత్తలో పిల్లల కోసం మొక్కుకుని గుణదల కొండెక్కి కొబ్బరికాయ కొట్టిన మనిషే ఆమె. 1924లో మరియమాత విగ్రహం నిలిపినప్పట్నుంచీ ఆ కొండ ఏ ఒక్క మతానిదీ కాదు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే తిరునాళ్ళలో తలనీలాలిచ్చేవాళ్ళనూ, మొక్కులు చెల్లించేవాళ్ళనూ నువ్వెవరని ఎవరూ అడగరు. కానీ అమ్మమ్మ దగ్గర జవాబుంది. 'మొక్కు వేరు, మతం వేరు. కొండెక్కి కాయ కొట్టి నా ఇంటికి నేనొచ్చాను. నువ్వు నా పిల్లల్ని అక్కడే వదిలేస్తున్నావు' అంది. ఆ మాటకు కూతురి దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరైనా ఉంటుందా?

మంచు కరిగించింది పిల్లలే. పొడుగాటి చర్చలతో కాదు. ఓ వేసవిలో పాప అమ్మమ్మ తులసిమాల చేతిలోకి తీసుకుని పూసలు లెక్కపెట్టింది. 'నీ జపమాలలో 108 ఉన్నాయి అమ్మమ్మా! మాకు 59యే' అంది. 'నాకేం పనుందే, నూటెనిమిదయినా చెప్పుకుంటా. మీ అమ్మకు ఉద్యోగం' అంది అమ్మమ్మ. విభూది బుధవారం తమ గుడిలోనూ నుదుట విభూది పెడతారనీ, కిందటేడు మట్టల ఆదివారం నాటి మట్టల్ని కాల్చి ఆ బూడిద చేస్తారనీ పాప చెప్పినప్పుడు ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. 'ఏ చేత్తో పెడతారు? ఎన్ని గీతలు?' అని వివరాలన్నీ అడిగింది. అన్నం ముందు జపం అవుతుంటే ఇప్పుడు అమ్మమ్మ పెరట్లోకి వెళ్ళదు. నెయ్యి గిన్నెతో ఆగుతుంది. అంతకుమించి ముందుకు రాలేదు.

పాపకు ఎనిమిదేళ్ళు నిండాక అసలు చదువు మొదలైంది. మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి తయారవ్వాలి. ఒకప్పుడు దీనికి పదీ పన్నెండేళ్ళు రావాల్సిందే. 1910లో పదో పయస్ పోపు ఆ వయసును ఏడేళ్ళకు తగ్గించాడు. మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ తేడా తెలిస్తే చాలన్నాడు. ప్రతి ఆదివారం పూజ అయ్యాక సిస్టర్ గారి దగ్గర సత్యోపదేశం క్లాసు. పది ఆజ్ఞలు, ఏడు దివ్య సంస్కారాలు, ప్రశ్నలు, జవాబులు. ఇంట్లో అప్పజెప్పించుకునేది అమ్మే. ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే పుస్తకం పట్టుకుని అడిగేది. పాప ఆగితే అందించేది. అలా పాపకంటే ముందు ఆమెకే వచ్చేశాయి.

మొదటి ఆజ్ఞ దగ్గర బండి ఆగింది. ఒక్క దేవుణ్ని తప్ప వేరే దేవుళ్ళను కొలవకూడదన్నది అది. పాప పుస్తకం మూసేసి, 'అయితే అమ్మమ్మ పాపం చేస్తోందా?' అనడిగింది. కాసేపాగి, 'నువ్వు?' అంది.

ఇలాంటి ప్రశ్నకు జవాబు తల్లి చెప్పగలదా? ఆమె ఆ పుస్తకం అలాగే పట్టుకుని మర్నాడు సాయంత్రం ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళింది, పాపను వెంటబెట్టుకుని. ఇతర మతాల్లో ఉన్న సత్యమైనదాన్నీ, పవిత్రమైనదాన్నీ చర్చి తోసిపుచ్చదని 1965లోనే రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ ప్రకటన చదివి వినిపిస్తే ఏం లాభం? ఆ ఫాదర్ అదంతా చెప్పలేదు. 'అమ్మమ్మ నీ కోసం దణ్ణం పెట్టుకుంటుందా?' అనడిగారు. రోజూ పెట్టుకుంటుందంది పాప. 'మరి నువ్వు అమ్మమ్మ కోసం?' పాప తల అడ్డంగా ఊపింది. 'ముందు ఆ బాకీ తీర్చు' అన్నారు. 'నువ్వు?' అన్న రెండో ప్రశ్న గురించి ఆయనా మాట్లాడలేదు, ఆమే ఎత్తలేదు.

ఆ నవంబరులో, అంటే 2023లో, నానమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే.

వీళ్ళు ఫిరంగిపురం చేరేసరికి చీకటిపడింది. దూరపు చుట్టాలు రావాలి కాబట్టి ఆ రాత్రికి ఉంచారు. అక్కడి రివాజు ప్రకారం తెల్లవార్లూ జపమాల. ఒకళ్ళు అలసిపోతే ఇంకొకళ్ళు అందుకుంటారు. పదింటికి ఉపదేశి గారు, తర్వాత ఆడపడుచు, తర్వాత పక్కింటి ముసలమ్మ. ఆయనేమో తల్లి తల దగ్గర కూర్చుని నోరు విప్పితే ఏడుపే తప్ప మాట రాని స్థితిలో ఉన్నాడు. రాత్రి రెండు దాటాక నడిపిస్తున్న ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. దుఃఖ రహస్యాలు, నాలుగోది. అందరూ రెండో సగం చెప్పి ఆగారు. ఎవరూ అందుకోలేదు. వాకిట్లో కుర్చీల్లో మగవాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు.

ఆ నిశ్శబ్దం ఆమెకు తెలుసు. ఫోన్ ఆగిపోయిన రోజు పిల్లలు ఎదురుచూసిన నిశ్శబ్దం అది. గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే మొదటి సగం అందుకుంది. మూలనుంచి ఎవరో 'ఆ అమ్మాయి మనవాళ్ళు కాదుగా' అనడం వినిపించింది. 'చెప్పనీయండి, పిల్లలకు నేర్పిందే ఆవిడ' అని ఇంకెవరో అన్నారు. ఆమె ఆపలేదు. తెల్లారి నాలుగున్నర దాకా చెప్పింది. అత్తగారి గొంతులో ఎక్కడ దీర్ఘం ఉండేదో, ఎక్కడ ఊపిరి తీసుకునేదో అలాగే వస్తున్నాయని మధ్యలో ఆమెకే తెలిసింది.

మరుసటి ఏడాది మే నెలలో పాప తెల్ల గౌను వేసుకుంది. నెత్తిన ముసుగు, చేతిలో కొవ్వొత్తి. గౌనుకు ముత్యాలు కుట్టింది అమ్మే, అంతకుముందు రోజు పాప సంకీర్తనానికి భయపడుతుంటే బయట వరండాలో చేయి పట్టుకుని కూర్చుందీ అమ్మే. ఏం పాపాలు చెప్పాలో తెలీక పాప చీటీ రాసుకుంది. తమ్ముణ్ని గిల్లడం, పాలు సింకులో పారబోయడం... 'నువ్వెవరికి చెప్పుకుంటావమ్మా?' అనడిగితే, 'నాన్నకు' అంది. అది పూర్తిగా నిజం కాదు.

పూజలో సత్ప్రసాదం వేళయింది. పిల్లల తర్వాత పెద్దలు లేచారు. జ్ఞానస్నానం పొందనివాళ్ళు తీసుకోకూడదు. బెంచీలోంచి ఒక్కొక్కరే వెళుతుంటే దారివ్వడానికి ఆమె కాళ్ళు పక్కకు జరుపుకుంది. భర్త వెళ్ళాడు. ఆడపడుచు వెళ్ళింది. అంత బెంచీ మీద ఆమె, పక్కన ఆరేళ్ళ బాబు. గుడి చివరి వరుసలో తెనాలి తాతయ్య. అమ్మమ్మ రాలేదు. మనవరాలికి వెండి పట్టీలు తాతయ్య చేత పంపింది. పూజ అయ్యాక పాప పరుగెత్తుకొచ్చి అమ్మ చెవిలో, 'ఏ రుచీ లేదమ్మా, పల్చటి అప్పడంలా ఉంది' అంది. నువ్వేం పోగొట్టుకోలేదులే అని ఓదార్చినట్టుంది ఆ గొంతు.

'పిల్లల కోసమైనా నువ్వూ జ్ఞానస్నానం తీసుకోవచ్చుగా' అని అడిగేవాళ్ళు ఉన్నారు. అక్టోబరు జపమాల నెల. ఆ నెలంతా మరియమ్మ విగ్రహాన్ని ఇంటింటికీ తీసుకెళ్ళి జపం చెప్పుకుంటారు. వీళ్ళింటి వంతు వచ్చిన రోజు ముప్ఫైమందికి గుగ్గిళ్ళు, టీ ఇస్తుంటే ఓ పెద్దావిడ అందరి ముందే అడిగేసింది. 'పిల్లల కోసమైతే తీసుకోనండీ. నా కోసమైతే తీసుకుంటా. ఆ రోజొస్తే మీకే ముందు చెబుతా' అంది. పెద్దావిడ గుగ్గిళ్ళు తిని వెళ్ళిపోయింది. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతుంది, సందేహం లేదు.

ఇప్పుడు బాబుకు ఏడేళ్ళు. ఏడున్నరకు ఫోన్ రాదు కాబట్టి కొవ్వొత్తి పక్కన ఆ చోటు ఖాళీ. ఈ మధ్య వాడికో పంతం పట్టుకుంది. మొదటి సగం తనే చెబుతాడట. పెద్దవాళ్ళు చెప్పేది అదేగా! అక్కకు పరీక్షలు, లోపల గదిలో చదువుకుంటోంది. వాడు మోకాళ్ళమీద కూర్చుని, జపమాల మెళ్ళో వేసుకోబోతే వద్దని చేతిలో పెట్టించుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సగం అయ్యింది. ఆగి అమ్మవైపు చూశాడు.

ఆమె కాస్త ఆలస్యం చేసింది.

'అమ్మా, నీ వంతు' అన్నాడు.

రెండో సగం చెప్పింది. రెండో పూసకూ చెప్పింది. గూడూరు బండికి వెళ్ళాల్సిన నాన్న గుమ్మంలో బూట్లకు లేసులు కట్టుకుంటూ అలాగే ఉండిపోయాడు. ఏడో పూస దగ్గర బాబు ఆవులించాడు. మిగిలినవి రేపు చెబుతానని బేరం పెట్టాడు. ఇంకా మూడే ఉన్నాయిరా అంది అమ్మ.